లారీలన్నీ రాత్రి రెండింటికే కాంటా ఎక్కాయట: ఒక రైస్ మిల్లు ప్రోగ్రామ్‌ను విండోస్ నుంచి లైనక్స్‌కు మార్చిన కథ

పొద్దున ఏడున్నరకు ఫోన్. మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లు, కాంటా ఆపరేటర్. "అన్నా, నిన్న వచ్చిన లారీలన్నీ రాత్రి రెండింటికే కాంటా ఎక్కినట్టు చూపిస్తుంది. ముప్పై ఎనిమిది బండ్లు, అన్నిటికీ ఒకటే టైమ్. ఆ టైమ్‌కు నేను ఇంట్ల పండుకున్న, ఎవరు తూకం వేసిండ్రు?"

నవ్వొచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే అంతకు ముందు రోజే ఆ మిల్లు కాంటా ప్రోగ్రామ్‌ను విండోస్ నుంచి ఉబుంటు లైనక్స్‌కు మార్చి, అంతా బాగుందని చాయ్ తాగి నల్లగొండకు వచ్చేసింది నేనే. పైగా ఆ రిపోర్టులో ఖాళీ బండి తూకం వేసిన టైమ్‌లు, అంటే టేర్ టైమ్‌లు మాత్రం మామూలుగానే ఉన్నాయి, అంటే పగలు మూడింటికి ఖాళీ అయి వెళ్ళిపోయిన లారీ ఆ తర్వాత రాత్రి రెండింటికి లోడుతో కాంటా ఎక్కిందన్న మాట. దీని వెనకాల పడితే మరో నాలుగు తప్పులు బయటపడ్డాయి. దాదాపు అన్నీ ఒక్క చోటికే వచ్చి ఆగాయి: ఫైల్ లోపల రాయాల్సిన సంగతిని నేను ఫైల్ మీది చీటీకి వదిలేశాను, ఆ చీటీ రాసే పద్ధతి ఆపరేటింగ్ సిస్టమ్ మారితే మారుతుందని పట్టించుకోలేదు.

మిల్లు పని తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. వడ్ల లారీ గేటు దగ్గర కాంటా ఎక్కుతుంది, ఆపరేటర్ బండి నంబర్ కొట్టి బరువు చూపించే ఇండికేటర్ నుంచి లోడు బరువు తీసుకుంటాడు, అది గ్రాస్. లారీ లోపలికి పోతుంది, తేమ చూస్తారు, హమాలీలు దింపుతారు, సీజన్‌లో దీనికి మూడు గంటలు పట్టొచ్చు, ఒకటిన్నర రోజు పట్టొచ్చు. ఖాళీ బండి మళ్ళీ కాంటా ఎక్కితే టేర్. రెండింటి తేడా నెట్. గ్రాస్‌కు, టేర్‌కు మధ్య 24 గంటలు దాటితే ఆ మిల్లువాళ్ళు లారీకి హాల్టింగ్, అంటే ఆపి ఉంచినందుకు డబ్బు, కట్టాలి. అందుకని అక్కడ టైమ్ అంటే డబ్బు, డ్రైవర్‌కూ గుమాస్తాకూ రోజూ కొట్లాట వచ్చేది దాని మీదే.

2016లో ఈ ప్రోగ్రామ్ పైథాన్‌లో రాసినప్పుడు నేను ఒక తెలివి చేశాను, తెలివి అని అప్పుడు అనుకున్నాను. ఒక లారీకి ఒక ఫైల్. గ్రాస్ తీసుకోగానే ఫైల్ పుడుతుంది, టేర్ తీసుకోగానే ఆ ఫైల్‌లోనే రెండో బరువు చేరుతుంది. ఇక టైమ్ వేరే రాయడం దేనికి, ఫైల్ పుట్టిన టైమే గ్రాస్ టైమ్, చివరిసారి మారిన టైమే టేర్ టైమ్, రెండూ విండోసే ఉంచుకుంటుంది కదా. తొమ్మిదేళ్ళు ఒక్క మాట రాకుండా నడిచింది. ఒక్క మాట అనకూడదు, ఎప్పుడో ఏడాదికి ఒకసారి ఒక లారీకి గ్రాస్, టేర్ ఒకే టైమ్ పడేది. కరెంటు పోయినప్పుడు ఏదో అయ్యుంటుందని వదిలేసేవాళ్ళం. దాని సంగతి తర్వాత చెప్తాను.

మార్చడానికి కారణం మామూలే. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మిల్లులో ఉన్న పాత కంప్యూటర్లు విండోస్ 11 ఎక్కవు, వానాకాలం వడ్లు రావడం మొదలయ్యే నెల కూడా అదే. సేటు సూటిగా చెప్పాడు: "కొత్త మిషన్లు కొననీకి ఇప్పుడు పైసల్ లేవు, ఉన్నయే నడవాలె." సరే, ఉబుంటు 24.04. నా భయమంతా ఇండికేటర్ కేబుల్ మీదే ఉండింది, కామ్ పోర్ట్ పేరు మారుతుంది, యూజర్‌ను డయలౌట్ గ్రూప్‌లో పెట్టకపోతే పోర్ట్ తెరవనివ్వదు, ఇలాంటివి. అది అరగంటలో అయిపోయింది. టెస్టు కూడా చేశాను: మిల్లు ట్రాక్టర్‌ను ఒకసారి ఎక్కించి, దించి, వెంటనే మళ్ళీ ఎక్కించి చూశాను. గ్రాస్ 4:12, టేర్ 4:12. కరెక్టే అనిపించింది. రెండు తూకాల మధ్య కనీసం ఒక చాయ్ తాగి ఉంటే ఆ రోజే దొరికిపోయేవాణ్ణి.

రాత్రి రెండు గంటల సంగతి మొదట తేల్చాం, అది తేలిక. పైథాన్‌లో గెట్‌సీటైమ్ అని ఒక ఫంక్షన్ ఉంది. విండోస్‌లో అది ఫైల్ పుట్టిన టైమ్ ఇస్తుంది. లైనక్స్‌లో అదే ఫంక్షన్, అదే పేరు, ఎర్రర్ లేకుండా, ఇచ్చేది మాత్రం వేరే టైమ్. పైథాన్ డాక్యుమెంట్లలో ఈ ముక్క ఒకటిన్నర లైన్‌లో రాసే ఉంది, చదవనిది నేను. చాలామంది సీ అంటే క్రియేషన్ అనుకుంటారు. యూనిక్స్ లోకంలో అది చేంజ్. అది కూడా ఫైల్ లోపలి రాత మారిన టైమ్ ఒక్కటే కాదు, ఫైల్ తాలూకు ఐనోడ్ మారిన టైమ్.

మా వైపు వాళ్ళకు నేను ఇలా చెప్తాను. ఫైల్ భూమి అయితే ఐనోడ్ పహాణీ. భూమిలో పంట మారిన రోజు ఎంటైమ్. పహాణీలో ఏ కాలమ్ దిద్దినా, పట్టాదారు పేరు దిద్దినా, ఆ దిద్దిన రోజు సీటైమ్. పంట మారినా పహాణీలో ఎక్కించాల్సిందే కాబట్టి ఎంటైమ్ మారినప్పుడు సీటైమ్ కూడా కదులుతుంది, కానీ పంట ముట్టకుండా పహాణీ ఒక్కటే దిద్దొచ్చు. నేను చేసింది సరిగ్గా అదే. ఆఫీసు కంప్యూటర్ నుంచి చిట్టీలు, అంటే లారీల ఫైళ్ళు, చదవడానికి పర్మిషన్లు సరిగా ఉండాలని, రాత్రి రెండింటికి మొత్తం ఫోల్డర్ మీద పర్మిషన్లు పెట్టే సీహెచ్‌మాడ్ కమాండ్ నడిపే స్క్రిప్టు పెట్టి వచ్చాను. పర్మిషన్ పాతదీ కొత్తదీ ఒకటే అయినా సరే, ఆ కమాండ్ తగిలిన ప్రతి ఫైల్ సీటైమ్ ఆ క్షణానికి మారుతుంది. ముప్పై ఎనిమిది పహాణీలు రాత్రి రెండింటికి దిద్దాను, ముప్పై ఎనిమిది లారీలు కాంటా ఎక్కాయి.

స్క్రిప్టు తీసేశాను, సాయంత్రం మళ్ళీ ఫోన్. ఈసారి అన్ని లారీలకూ గ్రాస్ టైమ్, టేర్ టైమ్ ఒకటే. "లారీ ఎక్కుడు, దింపుడు, దిగుడు అంతా ఒక్క సెకన్లనే అయితుందన్నా, గట్ల దింపే హమాలీలు ఉంటే మాకూ చెప్పు" అన్నాడు. టేర్ అయినప్పుడు ఫైల్ మారుతుంది, మారినప్పుడు సీటైమ్ కూడా కదులుతుంది, అందుకే ఒకటే. ఇది ముందే తట్టాల్సింది.

అప్పుడు పుట్టిన టైమ్ వెతుక్కున్నాను. లైనక్స్‌లో పుట్టిన టైమే లేదని పాత పుస్తకాల్లో ఉంటుంది, ఇప్పుడది నిజం కాదు. మా లైనక్స్ డిస్కులో ఉన్న ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ దాన్ని రాసుకుంటుంది, 2017లో వచ్చిన 4.11 కెర్నల్ నుంచి స్టాట్‌ఎక్స్ అనే సిస్టమ్ కాల్‌తో అడిగి తెలుసుకోవచ్చు. మా మిషన్లో ఉన్న పైథాన్ మామూలు స్టాట్ దాన్ని ఇవ్వదు కాబట్టి స్టాట్ కమాండ్‌నే పిలిచి తీసుకున్నాను. గర్వంగా ఆపరేటర్‌కు పంపాను. గంటలో జవాబు: ఇంకా అదే, రెండూ ఒకటే.

ఇక్కడ నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. గ్రాస్ తీసుకున్నప్పుడు ఫైల్ పుట్టింది, ఆపరేటర్ కళ్ళ ముందు పుట్టింది, మధ్యాహ్నం పన్నెండింటికి నేనే రిమోట్‌లో చూశాను. టేర్ అయ్యాక చూస్తే అదే ఫైల్ నాలుగింటికి పుట్టానంటోంది. అదే డిస్కు, అదే ఫోల్డర్, అదే పేరు. మరి పన్నెండింటి ఫైల్ ఏమైనట్టు?

నా పాత కోడ్ తెరిస్తే జవాబు కనబడింది. సగం రాస్తుండగా కరెంటు పోతే చిట్టీ పాడవకూడదని, టేర్ అప్పుడు నేను అదే ఫైల్‌లో రాయను. పక్కన టెంప్ ఫైల్ ఒకటి కొత్తగా రాసి, అది పూర్తయ్యాక పాత ఫైల్‌ను తీసేసి, టెంప్‌కు ఆ పేరు పెడతాను. మంచి అలవాటే. కానీ అలా చేస్తే మిగిలేది కొత్త ఫైల్, దాని పుట్టుక నాలుగింటికే. లైనక్స్ అబద్ధం చెప్పడం లేదు. అసలు ప్రశ్న వేరు: తొమ్మిదేళ్ళు ఇదే కోడ్ విండోస్‌లో పాత టైమ్ ఎలా చూపించింది?

దీన్ని ఫైల్ సిస్టమ్ టనలింగ్ అంటారు. విండోస్‌లో ఒక ఫోల్డర్‌లోంచి ఒక పేరు పోయి, మామూలుగా 15 సెకన్ల లోపల అదే ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో ఫైల్ వస్తే, పోయినదాని పుట్టిన టైమ్‌ను కొత్తదానికి అంటిస్తుంది. సరిగ్గా నాలాగే టెంప్ రాసి పేరు మార్చే పాత ప్రోగ్రామ్‌లు దెబ్బతినకూడదని పెట్టిన ఏర్పాటు అది. నమ్మకం కుదరక ఇంట్లో విండోస్ మిషన్ మీద చేసి చూశాను. నిన్నటి టెక్స్ట్ ఫైల్ ఒకటి కమాండ్ ప్రాంప్ట్‌లో తీసేసి, ఐదు సెకన్లలో అదే పేరుతో కొత్తది చేశాను, ప్రాపర్టీస్‌లో క్రియేటెడ్ అని నిన్నటి తేదీ. ఖాళీ ఫైల్, రెండు నిమిషాల కిందట లేనే లేదు, నిన్న పుట్టానంటోంది. మళ్ళీ తీసేసి ఈసారి వాచ్ చూస్తూ అరనిమిషం ఆగి చేశాను, ఇప్పటి టైమ్.

ఏడాదికి ఒకసారి వచ్చే ఆ వింత లారీ కూడా అప్పుడే తేలింది. పాత ఫైల్ తీసేశాక, టెంప్‌కు పేరు పెట్టే లోపల కరెంటు పోతే, ప్రోగ్రామ్ మళ్ళీ లేచాక ఆ టెంప్‌ను వెతికి పేరు పెడుతుంది. అప్పటికి 15 సెకన్లు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. అంటే ఆ తప్పు నాదే, నిందలు మాత్రం కరెంటోళ్ళకు.

ఇక ఆ దారి వదిలేశాను. గ్రాస్ టైమ్, టేర్ టైమ్ రెండూ తూకం తీసుకున్న క్షణంలోనే చిట్టీ లోపల రాయడం మొదలుపెట్టాను, దాంతో పాటు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో పెట్టిన రిజిస్టర్‌లో ఒక వరస. టైమ్‌ను యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్) 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లుగా పెట్టి, చూపించేటప్పుడు మాత్రం మన టైమ్‌కు మారుస్తున్నాను. కోడ్ మార్పు మొత్తం నలభై లైన్లు దాటలేదు. 2016లో రాసి ఉంటే నాలుగు లైన్లు.

కొత్త లారీలకు అది చాలు. పాత సీజన్ల చిట్టీల కథ వేరే, ఎక్కువ నష్టం అక్కడే జరిగింది.

లైనక్స్‌లో ఒక ఫైల్‌కు ఎంటైమ్ మనకు కావలసినట్టు పెట్టొచ్చు, ఏటైమ్ (చివరిసారి చదివిన టైమ్) పెట్టొచ్చు. పుట్టిన టైమ్ పెట్టడానికి మాత్రం సిస్టమ్ కాల్ ఏదీ లేదు. గడియారం వెనక్కి తిప్పి ఫైల్ చేయడం, డిస్కును డీబగర్‌తో కెలకడం లాంటివి ఉన్నాయి గానీ మిల్లు లెక్కలతో అలాంటి ఆటలు ఆడకూడదు. అంటే పాత మిషన్ మీద ఉండగానే ఆ టైమ్‌లను చదివి వేరే పట్టీలో రాసుకోవాలి, ఆ తర్వాతే కాపీ. మేం తిరగేసి చేశాం. ఆఫీసులో పనిచేసే అబ్బాయి గేటు కంప్యూటర్, లోపలి కాంటా కంప్యూటర్, రెండింటి డేటా చాలావరకు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఆఫీసు సర్వర్‌లో దించాడు. ఎలా ఎక్కించాలో చెప్పింది నేనే, కాబట్టి అతన్ని అనడానికి లేదు. విండోస్‌లో ఫైల్ కాపీ చేస్తే మారిన టైమ్ అలాగే వస్తుంది, పుట్టిన టైమ్ మాత్రం కాపీ చేసిన క్షణం అవుతుంది. అందుకే కాపీ ఫైల్ పుట్టకముందే మారినట్టు కనబడుతుంది, మీ కంప్యూటర్లో కూడా అలాంటివి బోలెడు ఉంటాయి, చూడండి.

టేర్ టైమ్‌లైనా క్షేమంగా వచ్చాయనుకున్నాను. పట్టీ చూస్తుంటే కంటికి ఏదో తేడా కొట్టింది. 16:20:08, 16:41:34, 17:05:52, 17:05:58. చివరి అంకె ఎప్పుడూ సరి సంఖ్యే. యాసంగి సీజన్ మొత్తం ఒక్క లారీ కూడా బేసి సెకన్‌లో కాంటా దిగలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32, దానిలో మారిన టైమ్‌ను రెండేసి సెకన్ల లెక్కనే రాస్తారు, బేసి సెకన్లు అందులో పట్టవు. రెండు సెకన్లతో మిల్లుకు పోయేదేమీ లేదు గానీ, సరి సెకన్లు చూస్తే ఈ ఫైల్ ఫ్యాట్ మీదుగా వచ్చిందని గుర్తుపట్టొచ్చు, ఆ తర్వాత అది నాకు పనికొచ్చింది. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో ఫ్యాట్ డిస్కుకు పోల్చేటప్పుడు మాడిఫై విండో ఒక సెకను ఇవ్వమనేది కూడా ఇందుకే, లేకపోతే మారని ఫైళ్ళను కూడా మారాయని మళ్ళీ మళ్ళీ కాపీ చేస్తుంటుంది.

ఫ్యాట్‌తో అసలు బాధ సెకన్లు కాదు. విండోస్ డిస్కుల్లో ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ టైమ్‌ను యూటీసీలో రాస్తుంది, ఫ్యాట్ మాత్రం గోడ గడియారం టైమ్ రాస్తుంది, ఏ దేశపు గోడో రాయదు. ఆఫీసు సర్వర్‌లో టైమ్ జోన్‌ను నేను యూటీసీలోనే వదిలేశాను. పెన్‌డ్రైవ్‌లో సాయంత్రం 6:10 అని ఉంటే సర్వర్ దాన్ని యూటీసీ 6:10 అనుకుంది, రిపోర్టులో మన టైమ్‌కు మారిస్తే రాత్రి 11:40. ఐదున్నర గంటల తేడా కంటికి కనబడుతుంది కదా అంటారు, నిజమే, కానీ గుమాస్తాకు కనబడింది టైమ్ కాదు, రోజువారీ టోటల్. సాయంత్రం ఆరున్నర తర్వాత దిగిన లారీలన్నీ మర్నాటి ఖాతాలోకి జారిపోయాయి. సీజన్ మొత్తం కూడితే సరిపోతోంది, ఏ రోజుకు ఆ రోజు చూస్తే ఏదీ సరిపోదు. ఆయన రెండు రోజులు కాలిక్యులేటర్‌తో కుస్తీపట్టి, "ఎక్కడో సాయంత్రం కాడ తెగుతుంది సార్" అన్నాడు. నేను వారం వెతికినా ఆ ముక్క పట్టేవాణ్ణి కాదేమో. అన్ని చిట్టీలకూ ఐదున్నర గంటలు తీసేద్దామా అంటే కుదరదు, కొన్ని నెట్‌వర్క్ మీదుగా సరైన టైమ్‌తో వచ్చాయి. ఏవి పెన్‌డ్రైవ్‌వో తేల్చింది ఆ సరి సెకన్లే. ఒక్క ఫైల్ చూసి చెప్పలేం, సగం లారీలు ఎలాగూ సరి సెకన్‌లోనే దిగుతాయి. ఒక్కో రోజు ఫోల్డర్ మొత్తం ఒక్కసారే కాపీ అయింది కాబట్టి, ఒక ఫోల్డర్‌లో ఇరవై ఫైళ్ళు ఉండి ఒక్క బేసి సెకను లేకపోతే అది ఫ్యాట్ దారి.

గేటు కంప్యూటర్ పాత డిస్కు అదృష్టంకొద్దీ బీరువాలో ఉంది, దానికి కొత్త డిస్కు వేసి ఉబుంటు పెట్టాం కాబట్టి. దాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా తగిలించి, విండోస్ మిషన్ మీద చిన్న స్క్రిప్టు నడిపి పట్టీ తీశాను: ఫైల్ పేరు, సైజు, షా-256 హ్యాష్ (లోపలి రాత మారితే మారిపోయే గుర్తింపు సంఖ్య), పుట్టిన టైమ్, మారిన టైమ్, రీడ్ ఓన్లీ, హిడెన్ లాంటి గుర్తులు. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. పైథాన్ టైమ్‌ను దశాంశ సంఖ్యగా ఇస్తే ఈ కాలపు తేదీలకు సెకన్‌లో కోటో వంతు దగ్గర అంకెలు పట్టవు, ఎన్‌టీఎఫ్‌ఎస్ లెక్కే 100 నానోసెకన్లు, అందుకని నానోసెకన్లను పూర్ణాంకంగా ఇచ్చే ఫీల్డే వాడాలి. లేకపోతే రెండు వైపులా పోల్చినప్పుడు ఏదీ ఏదానితో కలవదు. లైనక్స్ వైపు హ్యాష్ సరిచూసి, టైమ్‌లను రిజిస్టర్‌లోకి ఎక్కించాను.

పట్టీలో ఖాళీ గడి ఉన్న నాలుగు చిట్టీలు సున్నాగా ఎక్కాయి, రిపోర్టులో 1970 జనవరి 1 ఉదయం 5:30 అని వచ్చాయి. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో, అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు, మిల్లుకు అప్పుడే వడ్ల లారీ వచ్చిందని సేటు గుమాస్తాను ఆట పట్టించాడు. ఎక్కడైనా ఆ తేదీ, ఆ ఐదున్నర కనబడితే ఎవరో సున్నా రాశారని లెక్క. విండోస్ వైపు సున్నా అయితే 1601 కనబడుతుంది, దాని లెక్క అక్కడి నుంచి మొదలు, రెండింటికీ తేడా 11,644,473,600 సెకన్లు.

లోపలి కాంటా కంప్యూటర్‌కు మాత్రం కొత్త డిస్కు దొరకలేదని ఉన్నదాన్నే ఫార్మాట్ చేశాం. దాని గ్రాస్ టైమ్‌లు పోయాయి. అంతే, వాటిని ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టదు. మొదటి తూకం అప్పుడు ప్రింటర్ కొట్టే చిట్టీ మీద టైమ్ ఉంటుంది, దాని కార్బన్ కాపీలు దారంతో కట్టి అటక మీద పెట్టారు. నేను, ఆపరేటర్, గుమాస్తా కొడుకు ముగ్గురం రెండు ఆదివారాలు కూర్చుని నాలుగు వందల పైచిలుకు చిట్టీలు చేత్తో ఎక్కించాం. వాటిలో కొన్నిటి మీద అంకెలు చెరిగిపోయాయి, అవి ఖాళీగానే ఉంచాం, ఊహించి రాయలేదు. రిజిస్టర్‌లో ప్రతి వరసకూ ఈ టైమ్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాలమ్ ఒకటి పెట్టాను: డిస్కు, కార్బన్ కాపీ, తెలియదు. తర్వాత ఎవరైనా హాల్టింగ్ గురించి కొట్లాటకు వస్తే దేన్ని ఎంత నమ్మాలో తెలియాలి కదా.

రీడ్ ఓన్లీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది టైమ్ కంటే ప్రమాదం. టేర్ అయిన చిట్టీని ఎవరూ రద్దు చేయకూడదు. 2016లో నేను ఫైల్‌కు రీడ్ ఓన్లీ గుర్తు పెట్టి ఊరుకున్నాను. రద్దు బటన్ నొక్కితే ప్రోగ్రామ్ ఫైల్ తీసేయబోతుంది, విండోస్ ఒప్పుకోదు, ఆ ఎర్రర్ పట్టుకుని "పూర్తయిన చిట్టీ రద్దు కాదు" అని చూపిస్తుంది. అంటే కాపలా నాది కాదు, విండోస్‌ది. లైనక్స్‌లో ఫైల్‌ను తీసేయడమంటే ఫోల్డర్ జాబితాలోంచి ఒక లైన్ కొట్టేయడం, దానికి ఫోల్డర్ మీద రాసే హక్కు ఉంటే చాలు, ఫైల్ సొంత పర్మిషన్‌ను ఎవరూ అడగరు. మూడో రోజు ఆపరేటర్ పొరపాటున వేరే లారీ మీద రద్దు నొక్కితే ఏ మాటా లేకుండా చిట్టీ మాయమైంది. అలా రెండు పోయాయి. అవీ కార్బన్ కాపీల్లోంచే తీశాం.

ఇప్పుడు ప్రోగ్రామ్ వేరే యూజర్ పేరు మీద నడుస్తుంది, చిట్టీల ఫోల్డర్ ఆ యూజర్‌దే, ఆపరేటర్‌కు చదివే హక్కు మాత్రమే. టేర్ అయిందా లేదా అని రద్దు చేసే ముందు కోడే చూస్తుంది. సీజన్ మూసేశాక ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళకు రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) నుంచి ఇమ్యూటబుల్, అంటే మార్చడానికి వీల్లేని, గుర్తు పెడుతున్నాం, అది ఉంటే రూట్ కూడా దాన్ని విప్పకుండా తీసేయలేదు. హిడెన్ గుర్తు సంగతి చిన్నదే, లైనక్స్‌లో పేరు ముందు చుక్క పెట్టడమే, సెట్టింగ్స్ ఫైల్ ఒక్కదానికే ఉండింది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైల్ వెనక కనబడకుండా ఉండే స్ట్రీమ్‌లు ఏమైనా ఉన్నాయేమో కూడా చూశాను, డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ళకు విండోస్ కొట్టే ముద్ర తప్ప ఏమీ లేవు. బతికిపోయాం, అవి ఉంటే పెన్‌డ్రైవ్ దగ్గరే రాలిపోయేవి.

పేర్ల గొడవ ఇంకొకటి. ఫైల్ పేరు బండి నంబరే. పొద్దున ఆపరేటర్ టీఎస్ 05 అని పెద్ద అక్షరాల్లో కొడతాడు, రాత్రి ఆపరేటర్ చిన్న అక్షరాల్లో కొడతాడు. విండోస్‌కు రెండూ ఒకటే. లైనక్స్‌కు రెండు లారీలు. రాత్రి ఆపరేటర్ ఖాళీ లారీకి నంబర్ కొడితే "ఈ బండి లేదు" అంది, ఆయన కొత్త చిట్టీ తెరిచాడు, ఖాళీ లారీ బరువు గ్రాస్‌గా ఎక్కింది. నంబర్‌ను పెద్ద అక్షరాలకు మార్చి, మధ్య ఖాళీలు తీసేసి ఫైల్ పేరు పెట్టడంతో ఇది పోయింది. మార్చే ముందే పాత పేర్లను అలా మార్చి చూసి, రెండు పేర్లు ఒకటయ్యేవి ఉన్నాయా అని లెక్క తీయడం మంచిది.

రైతుల దగ్గర నేరుగా కొన్న వడ్లకు ఫోల్డర్ పేర్లు తెలుగులో ఉన్నాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకు 255 యూటీఎఫ్-16 యూనిట్లు (తెలుగు గుర్తు ఒక్కోటి ఒక యూనిట్), ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. ఇంగ్లిష్‌కు తేడా తెలియదు, మనకు తెలుస్తుంది. మిర్యాలగూడ అని రాస్తే కంటికి ఐదు అక్షరాలు, యూనికోడ్‌లో గుడింతాలు, వత్తులు విడివిడిగా లెక్కపెడితే 10, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 30. అంటే అలాంటి గుర్తులు 85 పెట్టగానే పేరు నిండిపోతుంది. రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, వడ్ల రకం అన్నీ ఫోల్డర్ పేరులోనే రాసే అలవాటు ఉన్నవాళ్ళకు ఇది తగులుతుంది, మాకు పదకొండు ఫోల్డర్లు కాపీలో ఆగిపోయాయి.

అంతకన్నా వింత ఒకటి. సేటు కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, పాత మ్యాక్‌లో, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులో బ్యాకప్ ఉంచేవాడు. అక్కడి నుంచి కొన్ని తెచ్చుకుంటే "రైతులు" అనే ఫోల్డర్ రెండు కనబడ్డాయి, ఒకదాని కింద ఒకటి, అక్షరం తేడా లేకుండా. మన ఐత్వానికి యూనికోడ్‌లో రెండు రూపాలు ఉన్నాయి, ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం గుర్తు పక్కన ఐత్వపు తోకను విడిగా పెట్టీ రాయొచ్చు. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచుకుంటుంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా బైట్లనే చూస్తుంది, రెండు వేరు అంటుంది. పేర్లన్నీ ఎన్‌ఎఫ్‌సీకి, అంటే కలిపి ఒకే గుర్తుగా రాసే రూపానికి, మార్చే ఒక లైన్ వేస్తే ఇది సర్దుకుంటుంది. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు పెట్టే కనబడని గుర్తు జడ్‌డబ్ల్యూఎన్‌జే (పక్క అక్షరంతో కలవకుండా ఆపేది) మాత్రం ఎన్‌ఎఫ్‌సీతో పోదు. "సెంటర్" అని ఒకరు అది పెట్టి, ఒకరు పెట్టకుండా కొడితే మళ్ళీ రెండు ఫోల్డర్లే. పేరు చివర ఉంటే తీసేస్తున్నాను, మధ్యలో ఉంటే ముట్టడం లేదు, తీస్తే కింద వత్తుగా మారి మాట రూపమే చెడిపోతుంది.

ఇప్పుడు ఇలాంటి పని ఒప్పుకుంటే మొదట కోడ్‌లో వెతికేది టైమ్, పర్మిషన్, పేరు అడిగే ప్రతి చోటు. ఒక్కో చోట ఒకటే ప్రశ్న: ఈ సమాధానం వ్యాపారానికి కావాలా, ప్రోగ్రామ్ సౌకర్యానికా. వ్యాపారానికైతే పాత మిషన్ మీద ఉండగానే లోపలికి రాయించి, రెండు వారాలు అక్కడే నడిపి, అప్పుడు మారుస్తున్నాను. పాత డిస్కు ఒక సీజన్ గడిచేదాకా ఫార్మాట్ చేయనివ్వను, డిస్కు ఖర్చు ముందే కొటేషన్‌లో వేస్తున్నాను. టెస్టులో గ్రాస్‌కు, టేర్‌కు మధ్య కనీసం గంట, మధ్యలో ఒకసారి మిషన్ ఆపి లేపడం, ఒకసారి సీహెచ్‌మాడ్, ఒకసారి కాపీ చేసి వెనక్కి తేవడం.

నవంబర్ చివర్లో ఒక డ్రైవర్ హాల్టింగ్ అడిగాడు, నిన్న పొద్దున తొమ్మిదికే కాంటా ఎక్కినానని. గుమాస్తా రిజిస్టర్ తెరిచాడు: గ్రాస్ నిన్న 9:07, టేర్ ఈ రోజు 10:31. ఇచ్చేశారు. ఆపరేటర్ నాకు ఫోన్ చేసి చెప్పి, చివర్లో అడిగాడు: "అన్నా, రాత్రి రెండింటిది ఏమన్న నడుస్తుందా ఇప్పుడు?" ఏమీ నడవట్లేదన్నాను. బ్యాకప్ నడుస్తుంది, కానీ అది చదవడమే.